ఇంటిల్లిపాదీ ఒక బోటు షికారు

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ఎక్కువైతే గంట కొడతామని కూడా చెప్పారు. విషయం ఒక్కటే. ఏటా మన సంఘం తరపున ఒక యాత్ర వేస్తున్నాం. శ్రీకాళహస్తి అయింది, పెంచలకోన అయింది, తిరుపతి ఎన్నిసార్లయిందో లెక్కలేదు. ఈసారి పులికాట్ సరస్సుకు పోదామనీ, అక్కడ జోరుగా పోయే మరబోటు ఎక్కుదామనీ, అదీ సభ్యులం మాత్రమే గాక కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలతో కలిసి ఎక్కుదామనీ నేనొక ప్రతిపాదన ఇచ్చాను. దాని మీద కమిటీలో రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఈ వయసులో స్పీడ్ బోటేమిటి, చూసినవాళ్ళు నవ్వరా అన్నది ఒకటి. ఏదైనా జరిగితే జవాబు ఎవరు చెప్పాలి అన్నది రెండవది. మొదటిదానికి నవ్వుతూనే జవాబు చెప్పవచ్చు. రెండవది నవ్వులాట కాదు, దాని సంగతి కాస్త నిదానంగా మాట్లాడతాను.

నెల్లూరు సీమవాళ్ళకు నీళ్ళ మీద కుటుంబంతో పోవడం కొత్త కాదు. మధ్యలో మనం మర్చిపోయాం, అంతే. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో బకింగ్‌హామ్ కాలువ మీద పడవ ప్రయాణం చేసినవాళ్ళు ఎందరున్నారో చేతులెత్తండి. ఒకటి, రెండు... అయిదు. అయిదుగురున్నారు. సంతోషం. మిగతావారికి చెబుతున్నాను. ఆ కాలువ 1806లో మద్రాసు దగ్గర మొదలైంది. తర్వాత ఉత్తరాన మన తీరం వెంబడి పెదగంజాం దాకా పొడిగించారు. ధాత కరువు రోజుల్లో, అంటే 1876 నుంచి 78 వరకు, తిండి లేక వచ్చిన జనానికి కూలి ఇచ్చి మద్రాసు ఊళ్ళో కొంత భాగం తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు గనుక 1878లో ఆయన పేరు పెట్టారు. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. మన ఉప్పు, మన గుల్లసున్నం, శ్రీహరికోట అడవిలో కొట్టిన వంటచెరకు, అన్నీ ఆ కాలువ మీదనే చెన్నపట్నం చేరేవి. చెన్నపట్నంలో ఆ కాలాన ఎన్ని ఇళ్ళలో పొయ్యి మండిందో దానిలో శ్రీహరికోట కట్టెకు వాటా ఉంది.

నా చిన్నతనంలో, 1950ల చివర్లో, మా ఇంటిల్లిపాదీ కృష్ణపట్నం దగ్గర పడవెక్కి చెన్నపట్నం పెళ్ళికి పోయాం. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి పడిపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి లాగేవారు. లోతు తక్కువైన చోట గెడ వేసేవారు. రెండు రాత్రులు పట్టిందో, మూడు పట్టిందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను గాని, పడవలోనే పొయ్యి పెట్టి మా నాయనమ్మ చింతపండు పులుసు కాచింది, పడవవాళ్ళు చేపలిచ్చారు, మా నాయన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి లెక్కలు చెప్పించాడు. ఇంట్లో ఉన్నప్పుడు మా నాయన మాతో మాట్లాడింది తక్కువ. ఆ పడవలో దిగి పోవడానికి చోటు లేదు గనుక మాట్లాడాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

తర్వాత రోడ్లు పడ్డాయి, లారీలు వచ్చాయి, తుఫానులకు, వరదలకు కాలువ గట్లు తెగాయి, పూడిపోయింది. 2008లో దీన్ని జాతీయ జలమార్గాల్లో నాలుగవదిగా ప్రకటించిన దానిలో చేర్చారు. కాగితం మీద జలమార్గమే. ఆ ప్రకటన చదివి నేనూ ఆశపడ్డాను. ఇప్పుడు మన మైపాడు వైపు పోయి వంతెన మీద నిలబడి చూడండి, పడవ బదులు గుర్రపుడెక్క కనిపిస్తుంది.

మరి సముద్రం ఉంది కదా, మైపాడు ఉంది, కోడూరు ఉంది, అక్కడే బోటెక్కవచ్చు కదా అని ఒక మిత్రుడు అడిగారు. ఎక్కకూడదని నా అభిప్రాయం. మన తీరం తెరిచిన తీరం. ఒడ్డునే అల విరుగుతుంది. మన పట్టపువాళ్ళు ఆ అలను చూసి, లెక్కపెట్టి, సందు దొరికినప్పుడు పడవను తోసుకొని పోతారు. అది తరాల విద్య. కీళ్ళనొప్పులవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఆ అలల్లో నిలబడి బోటెక్కే పని కాదు. కృష్ణపట్నంలో ఉప్పుటేరు లోపల నీళ్ళు నిమ్మళమే గాని, 2008లో కొత్త ఓడరేవు మొదలైన దగ్గర్నుంచి అది ఓడల చోటు, మన షికారుకు కాదు. అందుకని పులికాట్.

పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలాగా పడుకొని ఉంది. అలలన్నీ ఆ గోడకు అవతలే విరిగిపోతాయి. ఇవతల సరస్సు పళ్ళెంలో పోసిన నీళ్ళలాగా ఉంటుంది. లోతు చాలాచోట్ల నడుము బంటి కూడా ఉండదు. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీళ్ళు ఇందులోకి చేరతాయి. ఎక్కువ భాగం మన రాష్ట్రంలోది, దక్షిణపు కొస తమిళనాడుది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి పోయాయి. రికార్డు ప్రకారం అట్లా గాని, నాబోటివాడి నోటికి అది ఇంకా నెల్లూరు జిల్లాయే, మన్నించాలి.

ఫ్లెమింగో పండుగ మీరు వినే ఉంటారు. కొన్నేళ్ళు ఆగిపోయి, 2025 జనవరిలో 18 నుంచి 20 వరకు మళ్ళీ జరిపారు. ఆ రద్దీ తగ్గాక, నెలాఖరులో మా కుటుంబం వెళ్ళింది. బెంగళూరు నుంచి అబ్బాయి, కోడలు, వాళ్ళ ఇద్దరు మగపిల్లలు, హైదరాబాదు నుంచి అమ్మాయి, దాని కూతురు, మేమిద్దరం, మొత్తం ఎనిమిది మందిమి. తెల్లవారుజామున నెల్లూరులో బయలుదేరి, హైవే మీద నూరు కిలోమీటర్లు దాటి తడ దగ్గర భీమునివారిపాళెం చేరాం. అక్కడ పడవల రేవు ఉంది. ఆరుగురు పట్టే చిన్న స్పీడ్ బోటు మాట్లాడాం. మా అబ్బాయి, పిల్లలే కదా, సర్దుకుంటాం, ఎనిమిది మందిమీ ఒకేసారి ఎక్కుతాం అన్నాడు. బోటు నడిపే ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంకో వంద ఎక్కువిచ్చినా ఎక్కించుకోను సార్. రెండు ట్రిప్పులు వేస్తా, డబ్బులు మీ ఇష్టం" అన్నాడు. నాకు ఆ మనిషి అప్పుడే నచ్చాడు.

ముసలివాళ్ళం, పిల్లలం మొదటి ట్రిప్పు అనుకున్నాం. మా ఇంటావిడ మాత్రం కదలలేదు. "మీరు పోయి రండి. నేను గట్టున కూర్చుంటాను. చెప్పులు, సంచులు ఎవరు చూస్తారు?" అంది.

మిత్రులారా, ఈ మాట మీ ఇళ్ళలో ఎన్నిసార్లు విన్నారు? పిల్లలు సముద్రంలోకి దిగితే చెప్పులకు కాపలా ఎవరు? ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ఎక్కితే కింద సంచి పట్టుకొని నిలబడేదెవరు? మన సభ్యుల్లో ఒకరు, ఆయన పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు, భార్య పోయిన తర్వాత సంక్రాంతికి ఇద్దరు కొడుకులూ కుటుంబాలతో వచ్చారని సంబరపడ్డారు. కనుమ నాడు అందరూ రెండు కార్లలో బీచికి పోయారు. "నాన్నా, నీకు ఎండ పడదులే, గ్యాస్ బండ వస్తుందేమో చూసుకో" అన్నారట. చెడ్డ పిల్లలు కారు. ప్రేమగానే అన్నారు. ఆయన గ్యాస్ బండ కోసం సాయంత్రం దాకా కూర్చున్నారు. అది రాలేదు. మన వయసులో అవమానం ఈ రూపంలోనే వస్తుంది, ఎవరూ తిట్టరు, నీకెందుకులే అంటారు. కొన్నాళ్ళకు ఆ మాట మనమే ముందుగా అనడం నేర్చుకుంటాం. చెప్పులకు కాపలా అలా మొదలవుతుంది.

ఆ రోజు మా ఇంటావిడను కదిలించింది నేను కాదు. మనవరాలు, ఎనిమిదేళ్ళది, "అవ్వా, నువ్వు రాకపోతే నేనూ ఎక్కను" అని పక్కన చతికిలబడింది. బోటాయన వచ్చి, "చెప్పులెవరూ ఎత్తుకుపోరులేమ్మా. నా చెయ్యి పట్టుకో, ఆ కాలు ముందు పెట్టు" అన్నాడు. జాకెట్టు ఆయనే తొడిగి, పట్టీలు బిగించాడు. నారింజ రంగు జాకెట్టులో డెబ్బయ్యేళ్ళ మనిషిని చూసి పిల్లలు నవ్వారు. ఆమెకూ నవ్వొచ్చింది.

ఇప్పుడు జోరు సంగతి. బోటు మొదట నిదానంగా నీళ్ళను దున్నుకుంటూ పోయింది. లోతు ఉన్న దారి తగిలాక ఇంజను పెంచాడు. ముక్కు పైకి లేచింది, మా ముందు ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకున్న చోట రెండు రోజులు నల్లగా కమిలింది. అంతలో ఏమైందో, ముక్కు దానంతటదే కిందికి వాలింది, బోటు తేలికైపోయింది. చిన్నప్పుడు చెరువులో చిల్లపెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోయేది చూడండి, అట్లా. తర్వాత మా అబ్బాయి వివరం చెప్పాడు. నెమ్మదిగా పోయేటప్పుడు బోటు తన బరువంతటి నీళ్ళను పక్కకు తోసుకుంటూ పోవాలట. ఒక హద్దు దాటిన వేగంలో దాని అడుగు నీళ్ళ మీదికెక్కి జారడం మొదలెడుతుందట. అందుకే ఆ హద్దు దాటగానే అంత హాయి. ఇంజనీరు చెప్పినా, చెప్పకపోయినా ఒంటికి తెలుస్తుంది.

ముఖాన ఉప్పునీటి తుంపర. చెవుల్లో గాలి. ఒకరి మాట ఒకరికి వినబడదు. పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, తడిసిపోతాయని ముందే సంచిలో పెట్టించాం. పదమూడేళ్ళ మా పెద్ద మనవడు మూడు రోజులుగా ఇంట్లో ఉన్నా వాడి ముఖం నేను సరిగ్గా చూడలేదు, ఆ ఫోను వెలుగులో నుదురే చూశాను. బోటులో ఎదురుగా కూర్చున్నాడు. నోరంతా తెరిచి నవ్వుతుంటే కింది వరసలో ఒక పన్ను వంకరగా ఉందని అప్పుడు చూశాను. మా నాయనకూ అదే పన్ను వంకర. ఇందాక పడవలో మా నాయన మాటల సంగతి చెప్పాను. బస్సులో, కారులో, రైలులో కూడా ఎవరి కిటికీ వాళ్ళది. బోటులో ఎవరూ లేచి పక్క గదిలోకి పోలేరు. అది తెరచాప పడవైనా ఒకటే, పెట్రోలు బోటైనా ఒకటే. ఆ రోజుల్లో రెండు రాత్రులు పట్టింది, ఇప్పుడు అరగంటలో అవుతున్నది, అంతే తేడా.

కాసేపటికి మా ఆవిడ నా చెవిలో అరిచింది. భయమేస్తున్నదేమో, ఆపమంటుందేమో అనుకున్నాను. "ఏమండీ, ఇంకొంచెం జోరుగా పోనిమ్మనండి!" అంటున్నది.

మొదటి అభ్యంతరానికి నా జవాబు ఇంతే. నవ్వేవాళ్ళు గట్టున ఉంటారు. బోటులో ఉన్నవాళ్ళకు వినబడదు.

ఈ బోటు ఇంజను పుట్టుక గురించి ఒక ముచ్చట చదివాను, ఇక్కడ చెబితే బాగుంటుంది. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన, కాబోయే భార్యను, స్నేహితులను తీసుకొని ఎండాకాలంలో ఒక సరస్సు దగ్గరకు షికారు పోయాడట. ఆమె ఐస్‌క్రీం అడిగితే తెడ్డు వేసుకుంటూ సరస్సు దాటిపోయి తెచ్చాడట. తెచ్చేసరికి కరిగి నీళ్ళయింది. ఆ కసితో పడవ వెనకాల తగిలించే ఇంజను తయారుచేశాడని చెబుతారు. 1909లో వ్యాపారం పెట్టాడు, ఇంజను లోకమంతా పాకింది. ఐస్‌క్రీం కథలో ఉప్పూకారం ఎంత కలిపారో గాని, భార్యను సంతోషపెట్టబోయి కనిపెట్టిన యంత్రం మీద భార్యను ఎక్కించకుండా గట్టున కూర్చోబెట్టడం న్యాయమా అని మగవాళ్ళను అడుగుతున్నాను.

ఇక రెండవ అభ్యంతరం. దీన్ని తీసుకొచ్చిన కమిటీ సభ్యుణ్ణి నేను అభినందిస్తున్నాను. ఆయన భయానికి కారణాలున్నాయి, అవి మన పక్కనే జరిగాయి. 2011 డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడు, ఇదే పులికాట్‌లో, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర, చెన్నై నుంచి వచ్చిన బంధువులంతా చేపల పడవలో షికారు పోయారు. పడవ తిరగబడింది. 22 మంది పోయారు. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోటు మునిగింది. అందులో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీకమాసపు షికారుకు వచ్చిన వాకర్స్ క్లబ్బువారు, నెల్లూరివారు కూడా ఉన్నారు. మనలాంటి వాళ్ళే, పొద్దున్నే నడిచేవాళ్ళు, నలుగురూ కలిసి ఒక రోజు సంతోషంగా గడపాలనుకున్నవాళ్ళు. ఇరవై మందికి పైగా పోయారు. ఆ బోటుకు అనుమతి లేదు, జనానికి జాకెట్లు ఇవ్వలేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే పెద్ద బోటు మునిగినప్పుడు యాభై మంది దాకా పోయారు. బోటును పైకి తీయడానికే అక్టోబర్ 22 దాకా పట్టింది. మా తరంవాళ్ళకు గోదావరి లాంచీ అంటే 1973లో వచ్చిన అందాల రాముడు గుర్తుకొస్తుంది. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మనకు ఇంకొకటి గుర్తుండిపోయింది.

ఈ మూడింటినీ చదివితే ఒక సంగతి కనబడుతుంది. వీటిలో ఏదీ జోరు బోటు కాదు. జోరువల్ల పోలేదు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించడం, మనుషులు ఎక్కడానికి కాని పడవలో ఎక్కడం, వద్దన్న నీళ్ళలోకి పోవడం, జాకెట్లు లేకపోవడం, ఉన్నా ఉక్కపోస్తున్నదని విప్పి పక్కన పెట్టడం. ఇవన్నీ గట్టు మీద ఉండగానే కళ్ళకు కనబడే సంగతులు. గట్టు మీద అడగవలసిన ప్రశ్న అడగకుండా, డబ్బులిచ్చాం కదా అని ఎక్కేస్తాం.

అడగడం మన వృత్తి, మిత్రులారా! జీవితమంతా మనం చేసిందేమిటి? జతపరచవలసిన కాగితాలు జతపరచలేదని అర్జీ వెనక్కి పంపాం. ఒక్క సంతకం లేదని జనాన్ని మూడుసార్లు తిప్పాం, తిట్లు తిన్నాం. ఆ విద్య ఇప్పుడు మన మనవల కోసం వాడదాం. 1917 నాటి పాత చట్టం తీసేసి 2021లో పార్లమెంటు అంతర్దేశ నౌకల చట్టం చేసింది. దాని ప్రకారం ఇంజనున్న బోటుకు రిజిస్ట్రేషను ఉండాలి, తనిఖీ చేసిన సర్టిఫికెట్టు ఉండాలి, నడిపేవాడికి అర్హతా పత్రం ఉండాలి. ఎంతమందిని ఎక్కించవచ్చో అందులో ఉంటుంది. సదరు కాగితాలు చూపించమని అడిగితే తప్పేముంది? మూడేళ్ళ క్రితం వేరే ఒకచోట, ఊరు పేరు అక్కర్లేదు, నేను అడిగితే "పెద్దాయనా, బోటెక్కుతావా, ఆడిట్ చేస్తావా" అన్నారు. రెండూ చేస్తానన్నాను. చూపించలేదు, మేం ఎక్కలేదు. పిల్లలు ముఖం ముడుచుకున్నారు, చెరకురసం తాగించి తీసుకొచ్చాను.

జాకెట్టు గురించి ఇంకొక్క మాట. ఒంటి మీద వేసుకుంటే చాలదు. పట్టీలు బిగించాక రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచి వచ్చిందంటే అది నీళ్ళలో మిమ్మల్ని వదిలేసి తాను తేలుతుంది. చిన్నపిల్లలకు పెద్దవాళ్ళ జాకెట్టు తొడగడం అసలు తొడగనట్లే, పిల్లల కొలతది అడగాలి. లేదంటే ఆ పిల్ల బోటెక్కదు, ఏడ్చినా ఎక్కదు. బోటు నడిపేవాడి మణికట్టుకో, నడుముకో ఒక తాడు కట్టి ఇంజను మీటకు తగిలించి ఉంటుంది. ఆయన జారిపడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. ఉంటే పెట్టుకున్నాడా లేదా చూడండి. ఫోటో కోసం అందరూ ఒకే వైపుకు లేచి రావడం, అదీ పక్షులు కనబడగానే, చాలా చెడ్డ అలవాటు.

మన వయసు సంగతులు కూడా దాచకుండా చెబుతాను. జోరు బోటులో ముందు సీటు కుర్రవాళ్ళది. ఎగిరిపడేదంతా ముక్కు దగ్గరే. నడుము పూసలు అరిగినవాళ్ళు వెనకాల, ఇంజనుకు దగ్గరగా కూర్చోవాలి. ఈ మధ్యనే కంటి ఆపరేషనో, గుండెకు స్టెంటో అయినవాళ్ళు డాక్టరును అడిగే పేరు ఇవ్వండి. కళ్ళద్దాలకు తాడు కట్టుకోండి. చెవి మిషను తీసి జేబులో కాదు, గట్టున ఉన్నవాళ్ళ చేతిలో పెట్టండి, ఉప్పునీళ్ళు తగిలితే దాని పని అయిపోయినట్లే. కట్టుడు పళ్ళ విషయం... నవ్వకండి. గాలికి నోరు తెరిచి అరుస్తాం, అది మనవడికి చెప్పుకోవడానికి కథ అవుతుంది గాని మనకు రెండు నెలలు గంజి అవుతుంది.

వేళ కూడా ముఖ్యం. పొద్దున తొమ్మిది, పదిలోపల సరస్సు అద్దం లాగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేచి నీళ్ళు గరుకవుతాయి. నెల సంగతి చూస్తే, సంక్రాంతి తర్వాత మంచిది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడిన వానలకు సరస్సు నిండి ఉంటుంది. ఎండాకాలంలో మన వైపు సరస్సు చాలా భాగం ఎండిపోయి, ఆవులు నడుస్తుంటాయి. సముద్రం కలిసే ముఖద్వారాలు ఇసుక మేటవేసి పూడిపోవడం దీనికి ఒక కారణం. రాకెట్టు వదిలే రోజు మాత్రం తప్పించి పెట్టుకోవాలి. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నాయి, ఆ రోజు అక్కడ కట్టడి ఎక్కువ.

ఒకటి చెప్పడం మరిచిపోయేవాణ్ణి. అంత జోరుగా పోయిన ఆ బోటాయన ఒకచోట ఇంజను కట్టేశాడు. ఎందుకన్నాం. చెయ్యి చూపించాడు. దూరంగా నీళ్ళ మీద లేత గులాబి రంగు గీత గీసినట్లు ఫ్లెమింగోలు. తల కిందులు చేసి ముక్కుతో నీళ్ళు వడగట్టుకుంటూ తింటున్నాయి. "ఇంతకంటే దగ్గరికి పోతే లేచిపోతాయి సార్. ఒకసారి లేస్తే తిన్నదంతా రెక్కలకే ఖర్చు" అన్నాడు. అంతసేపూ చెవుల్లో హోరు, ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పిల్లలు గుసగుసగా మాట్లాడారు. ఎవరూ వాళ్ళకు గట్టిగా మాట్లాడవద్దని చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వెదురు కర్రలు పాతి వల కట్టిన చోట మళ్ళీ నెమ్మది చేశాడు. ఇంజను రెక్క తగిలితే వల తెగుతుంది. ఒక కుటుంబానికి వారం కూడు పోతుంది. మన షికారు వాళ్ళ పొలంలోనుంచి పోతున్నదని గుర్తుంచుకోవాలి. ఇరకం అని ఒక దీవి ఉంది అక్కడే. 2025 పండుగలో దాన్ని కూడా చూసే చోట్లలో చేర్చారు. ఆ ఊరివాళ్ళకు బడికి పోవాలన్నా, బియ్యం తెచ్చుకోవాలన్నా, పురిటినొప్పులొచ్చినా పడవే దారి. రేవులో పడవ దిగి, తలమీద మూటతో ఒక ముసలమ్మ మా బోటు వైపు చూసి, "దేనికి పోయొచ్చారు?" అని అడిగింది. ఊరికే, సరదాకి అన్నాను. "ఊరికేనా!" అని ఆశ్చర్యపోయి వెళ్ళిపోయింది.

కాబట్టి ఎవరు జవాబుదారీ అన్నదానికి నా జవాబు ఇది. కాగితాలు చూడటానికి ముగ్గురితో ఉపసంఘం వేయండి. నేను ఒకణ్ణి. లెక్కల శాఖలో పనిచేసినవారు ఒకరుండాలి, వాళ్ళను మాటలతో ఏమార్చలేరు. మూడవవారు తప్పనిసరిగా ఒక సోదరీమణి కావాలి. ఉపసంఘం ముందుగా ఒకసారి రేవుకు పోయి బోట్లు, జాకెట్లు, కాగితాలు చూసి రాతపూర్వకంగా నివేదిక ఇస్తుంది. అక్కడ తృప్తి కలగకపోతే బోటు లేదు, నేలపట్టులో పక్షుల్ని చూసి, భోజనాలు చేసి వచ్చేద్దాం. గూడబాతులు, కొంగలు నీళ్ళలో నిలిచిన చెట్ల మీద పిల్లల్ని సాకుతుంటాయి, అదీ తక్కువ వినోదం కాదు. నివేదిక బాగుంటే మాత్రం, చెప్పుల కాపలాకు సంఘం ఖర్చుతో ఒక కుర్రవాణ్ణి పెట్టాలని తీర్మానంలో చేర్చమని కోరుతున్నాను. సభ్యులెవరూ ఆ పనికి దరఖాస్తు చేయరాదు.

ఏటా మనం బతికే ఉన్నామని ఖజానాకు ఒక కాగితం ఇస్తున్నాం. వేలిముద్ర పడక కొందరం మిషను ముందు నాలుగుసార్లు వేలు తుడుచుకుంటున్నాం. బోటు దిగిన రోజు మా ఇంటావిడ రాత్రి తొమ్మిదింటికి బెంగళూరు, చెన్నై, గూడూరు, మొత్తం అయిదుగురు చుట్టాలకు ఫోను చేసి చెప్పింది. ఆ రోజు ఆమెను ఎవరూ అటువంటి కాగితం అడిగి ఉండరు.

గంట చేతిలోకి తీసుకున్నారు కార్యదర్శిగారు, చూశాను. ముగిస్తున్నాను. ఇష్టమున్నవారు భోజనాల దగ్గర కోశాధికారిగారి వద్ద పేర్లు ఇవ్వండి. వెంట వచ్చేవారి పేర్లు, వయసులు విడిగా రాయండి. పిల్లలకు ఎన్ని చిన్న జాకెట్లు కావాలో దాన్నిబట్టి తెలుస్తుంది. పేరు పక్కన బరువు కూడా రాయాలి. బోటుకు లెక్క తలలతో కాదు, కిలోలతో. సోదరీమణులు దయచేసి ఈ సంవత్సరపు బరువు రాయండి, పెళ్ళినాటిది కాదు. మగవాళ్ళ బరువు కోశాధికారిగారు అంచనా వేసి పది కిలోలు కలుపుకుంటారు.